చూసినట్టు గుర్తు

“ఆ గోధుమలు ఏ నీళ్ళతో ఉడికించావు?”

అడిగి, కొసారా గిన్నె మూత ఎత్తి చూసింది. మెత్తగా ఉడికించి, అక్రోటు పప్పూ చక్కెరా కలిపి, గుమ్మటంలా దిద్దిన గోధుమలు. నికోలా పండుగనాడు ఆ ఇంటి గడప దాటిన ప్రతి అతిథి నోటా మొదట పడవలసిన ముద్ద అది.

“కుళాయి నీళ్ళే, అత్తయ్యా. వండేటప్పటికి నాకు తెలియదు,” అంది స్టొయాంకా.

“ఉడికితే క్రిములు చస్తాయిలే,” అన్నాడు రాదిసావ్, కిటికీ అద్దంలో టై ముడి సవరించుకుంటూ.

“క్రిములు చస్తాయి. సిగ్గు చావదుగా,” అంది తల్లి.

పొయ్యి మీద చిక్కుడు గింజలు కుతకుతమంటున్నాయి.

జబ్లానిక్ పురపాలక సంఘంలో నీళ్ళకూ మురుగు కాలువలకూ రాదిసావ్ అధిపతి. రెండేళ్ళ కిందట మేయరు తిహొమీర్ శాఖాధిపతులందరి కోసం ఒక ఆన్‌లైన్ బోర్డు తెప్పించాడు. ఎవరి శాఖ సమాచారం వారు అందులో పెట్టాలి, మిగిలినవారు చదవాలి, చదివినట్టు బొటనవేలి గుర్తు నొక్కాలి. ఇకమీదట పాలన అద్దంలా ఉంటుందని అతడు రాజధానికి వెళ్ళి ఉపన్యసించాడు. అక్కడివారు ఒక గాజు పలక బహూకరించారు. అది మేయరు గదిలో, వేటలో చచ్చిన అడవిపంది తల కింద, నేటికీ మెరుస్తూ ఉన్నది.

లేనిదల్లా చదివే అలవాటు. ఆ పెద్దమనుషులకు చిన్న అక్షరాలు ఆనవు, పాస్‌వర్డులు గుర్తుండవు, పైగా తమ చేత్తో టైపు చేయడం హోదాకు తక్కువ. కనుక ఒకరి వెనుక ఒకరు ఆ పనిని ఇంటి ఆడవాళ్ళకు అప్పగించారు. ఆరోగ్య శాఖాధిపతి పేరున అతని కోడలు నొక్కేది. రోడ్ల శాఖాధిపతి పేరున మనవరాలు నొక్కేది. శ్మశానంలో రుసుము పెంచుతున్నామన్న ప్రకటనకు ఆ పిల్ల ఒకసారి ఎర్రని గుండె బొమ్మ పెట్టింది. అదేమని అడిగినవాడు లేడు.

రాదిసావ్ పేరున స్టొయాంకా నొక్కేది. చేప పొలుసు తీస్తూ మధ్యలో చేయి కడుక్కుని, తన ఫోనులోనే, వచ్చినదానికల్లా ఒక బొటనవేలు. “అన్నిటికీ నొక్కెయ్. చదివితే మాత్రం నీకేం అర్థమవుతుంది,” అని నేర్పినవాడు ఆయనే.

రెండు వారాల కిందట, వావేదెన్యే పండుగ మర్నాడు వచ్చిన నీటి పరీక్ష ఫలితానికీ ఆమె అలాగే నొక్కింది. నిన్న సాయంత్రం, పాత ప్రకటన ఒకటి వెతుకుతూ, దానిని తెరిచి మొదటిసారి చదివింది. దిగువపేట కుళాయిలలో, అంటే తమ ఇంటి కుళాయిలోనూ, మురుగు క్రిములున్నాయి, జనులు తాగరాదు, వెంటనే తెలియజేయవలెను. దాని కింద బొటనవేళ్ళు వరుసగా నిలబడి ఉన్నాయి. అన్నిటికన్నా ముందున్నది భర్త పేరు, తన వేలు.

“నువ్వు నొక్కావు. నేను చూడలేదు. జరిగింది అంతే కదా,” అన్నాడు రాదిసావ్ ఇప్పుడు, లెక్క తేలిన మనిషిలాగా.

కొసారా చేతికర్రతో వంటింటి మూల చూపించింది. అక్కడ మూడు నీలం డబ్బాలున్నాయి. రెండు వారాలుగా రాదిసావ్ కారులో మోసుకొస్తున్న కొండ ఊట నీళ్ళు. తాగడానికే తప్ప వంటకు వాడవద్దని అతడి ఆజ్ఞ.

“చూడనివాడివి ఆ డబ్బాలెందుకు మోశావురా?”

“కాఫీ రుచిగా ఉంటుందని.”

“నీకు యాభై అయిదేళ్ళు. నాలుకకు రుచి తెలిసింది వావేదెన్యే మర్నాటినుంచా?”

అతడు టై వదిలేశాడు. “తిహొమీర్ వేటగాళ్ళ క్లబ్బులో నోటిమాటగా అన్నాడమ్మా. నోటిమాట సమాచారం కాదు. బోర్డు మీద ఉన్నదే సమాచారం.”

“బోర్డు మీద ఉన్నది నువ్వు చూడలేదు. చెవిన పడ్డది సమాచారం కాదు. చదువుకున్నవాళ్ళు ఎంత చక్కగా బతుకుతారో,” అంది కొసారా.

స్టొయాంకా రాత్రంతా మింగి ఉంచుకున్న మాటను అప్పుడు అడిగింది. “మనింటికి మూడు డబ్బాలు తెచ్చారు. కూమా ఇంటికి ఒక్కటి ఇవ్వడానికి చేతులు రాలేదా?”

రాదిసావ్ మళ్ళీ టై పట్టుకున్నాడు. కూమా జగొర్కా భర్త, స్వర్గస్థుడు, ఈ దంపతుల పెళ్ళిలో దేవుని ఎదుట సాక్షిగా నిలిచినవాడు. అలాంటి సాక్షి ఇంటికీ పెళ్ళివారి ఇంటికీ మధ్య కూమ్, కూమా అన్న పిలుపు; చుట్టరికం తెగినా ఆ బంధం తెగదని ఆ నేల మీద పెద్దల మాట. ఆ జగొర్కా మూడేళ్ళ మనవరాలు దూన్యా ఇప్పుడు ఆసుపత్రిలో ఉంది. మూత్రపిండాలు పనిచేయడం మానుకున్నాయి. పిల్ల ఏమి తిన్నదని వైద్యులు అడిగితే, నాయనమ్మ చేసిన జున్ను అన్నారు. కొడుకూ కోడలూ ఆనాటినుంచి జగొర్కాతో మాట్లాడడం లేదు. జగొర్కా జున్ను తొట్లన్నీ పెరట్లో బోర్లించి, తన చేతులనే తాను అసహ్యించుకుంటూ తిరుగుతోంది.

స్టొయాంకా ఫోను గుర్రుమంది. బోర్డు మీద మేయరు కొత్త ఆదేశం: రాజధాని నుంచి తనిఖీ రావచ్చును, నీటి ఫలితం కింద పెట్టిన గుర్తులను అందరూ తక్షణమే వెనక్కి తీసుకోవలెను.

రుజువు తుడిచివేయమన్న ఆజ్ఞను సైతం అదే బోర్డు మీద పెట్టగల ప్రజ్ఞ ఆ మేయరుది. ఆ ఆజ్ఞకు కూడా శాఖాధిపతులందరూ బొటనవేలి గుర్తులు పెట్టారు. తరువాత, ముగ్గురూ చూస్తుండగానే, నీటి ఫలితం కింది వేళ్ళు ఒక్కొక్కటిగా మాయమయ్యాయి. చివరికి ఒక్కటే మిగిలింది.

“ఎంత కలిసికట్టుగా పనిచేస్తున్నారో. ఈ చురుకు ఆ పేటవాళ్ళకు చెప్పడంలో ఉంటేనా,” అంది కొసారా.

“తీసెయ్,” అన్నాడు రాదిసావ్ భార్యతో.

“నాకు నొక్కడమే నేర్పారు. తీయడం నేర్పలేదు,” అంది స్టొయాంకా. ఫోనును ఏప్రాన్ జేబులో వేసుకొని చిక్కుడు గింజల గిన్నె దించింది.

* * *

నికోలా పండుగకు ఎవరినీ పిలవరు, ఎవరినీ పొమ్మనరు. తలుపు తెరిచే ఉంటుంది. వచ్చినవారు తిని, తాగి, వెళ్ళేవరకూ ఇంటి యజమాని కూర్చోకూడదు. కొవ్వొత్తి ముందు నిలబడి, సారా పోస్తూ, రొట్టె అందిస్తూ, అతిథికి సేవకుడై ఉండాలి. రాదిసావ్ తండ్రి బతికున్నన్నాళ్ళూ ఆ రోజు కుర్చీ ముట్టలేదు. మోకాలు విరిగిన ఏడు కూడా కర్రల మీద నిలబడే ఉన్నాడు.

మధ్యాహ్నానికి మేయరు వచ్చాడు. వెనుక అతని డ్రైవరు మినరల్ వాటర్ సీసాల పెట్టె ఒకటి మోసుకొచ్చాడు. దానికి ఎర్ర రిబ్బను కట్టి ఉంది.

“పండుగ శుభాకాంక్షలు, కొసారా పెద్దమ్మా. కాలం మారింది కదా, వైనుకు బదులు ఆరోగ్యం తెచ్చాను,” అన్నాడు తిహొమీర్.

“దేవుడు నీకు బుద్ధి పెంచుగాక, నాయనా,” అంది కొసారా. అది దీవెనో కాదో తేల్చుకోలేక అతడు నవ్వి ఊరుకున్నాడు.

ఆనవాయితీ ప్రకారం స్టొయాంకా పళ్ళెం పట్టింది. పుల్ల చెర్రీల పాకం ఒక చెంచాడు, పక్కన గ్లాసుడు నీళ్ళు. ఆ ఊళ్ళో పుట్టిన ఏ మనిషీ పాకం తిని నీళ్ళు తాగకుండా గ్లాసు తిప్పి పంపడు. తిహొమీర్ పాకం చప్పరించి, చెంచా గ్లాసులో వేసి, తాను తెచ్చిన పెట్టెలోంచి ఒక సీసా లాగి మూత తిప్పాడు.

“డబ్బా నీళ్ళే లెండి అవి. మీ శాఖాధిపతి కొండెక్కి తెచ్చినవి. భయపడకుండా తాగండి,” అంది స్టొయాంకా.

బల్ల చుట్టూ ఉన్న పొరుగువారికి ఆ మాట అర్థం కాలేదు. మేయరుకు అర్థమయింది. సీసా బల్ల మీద పెట్టి, రాదిసావ్ భుజం మీద చేయి వేసి, భార్యాభర్తలిద్దరినీ పక్కగదిలోకి నడిపించాడు. కొసారా పిలవకుండానే వచ్చి, మంచం అంచున కూర్చుని, చేతికర్రను మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుంది.

“సూటిగా మాట్లాడుకుందాం. అందరూ గుర్తు తీసేశారు. నీదొక్కటే ఉంది, రాదిసావ్. ఉన్నా మంచిదే. నా భార్య నాకు చెప్పకుండా నా పాస్‌వర్డు వాడింది, తెలియక నొక్కింది, ఫలితం నావరకు రానేలేదు అని రెండు ముక్కలు చెప్పు. ఇంట్లో ఆడమనిషి పొరపాటుకు ఎవరు ఎవరిని ఉరితీస్తారు?”

“నన్ను పక్కన పెట్టుకునే నా తద్దినం పెడుతున్నారే,” అంది స్టొయాంకా.

“నొక్కింది మీరు కాదా అమ్మా?”

“నేనే.”

“మరి అబద్ధం ఏముంది ఇందులో?”

నిజంలోంచి ఒక ముక్క కోసి, దానితో మిగతా నిజం గొంతు కోయడం పదవిలో ఉన్నవారికి ఎక్కడో నేర్పుతారు కాబోలు. స్టొయాంకాకు తన తప్పు తెలుసు. చదవకుండా నొక్కిన ప్రతి రోజూ ఆ తప్పు చేస్తూనే ఉంది. దానికి ఇంకొకరి మీద నెపం పెట్టదు. కానీ ఎదుట నిలబడిన ఈ ఇద్దరూ తెలిసి ఊరుకున్నవారు. చేసిన పాపానికి ఏడ్చేవాళ్ళు ఉంటారు. చేయక వదిలిన పాపానికి ఏడ్చినవాణ్ణి ఆమె ఇంతవరకు చూడలేదు.

“సరే, నన్నేమైనా అనండి. ఊరికి ఎప్పుడు చెబుతారు?” అని అడిగింది.

“సోమవారం.”

“ఇవాళ శనివారం. ఇవాళెందుకు కాదు?”

తిహొమీర్ చేతులు చాచాడు. “ఇవాళ నికోలా పండుగమ్మా. సగం ఊరు కొవ్వొత్తి వెలిగించుకుంది, మిగతా సగం వాళ్ళింటికి భోజనానికి వెళ్ళింది. పండుగ పూట జనాన్ని బెదరగొడతామా? అయినా నికోలా నాడు నీళ్ళు తాగేదెవరు? అంతా సారాయే.”

“పిల్లలు కూడానా?” అంది కొసారా.

వీధి గదిలో ఎవరో పండుగ పాట అందుకున్నారు.

“హెచ్చరిక పంపే అధికారం ఎవరిది?” స్టొయాంకా భర్తను అడిగింది. తెలియక కాదు.

“నాదే,” అన్నాడు రాదిసావ్ నేల చూస్తూ. “శాఖాధిపతి బోర్డులోంచి పంపితే పేటలో ప్రతి ఫోనుకూ పోతుంది. కానీ తిహొమీర్ గారి మాట లేకుండా...”

“ఆయన మాట నోటిమాట. నోటిమాట సమాచారం కాదని పొద్దున్నే కదా చెప్పారు.”

“స్టొయాంకా, నాకు పింఛనుకు ఇంకా...”

అతడు పూర్తి చేయలేదు. వీధి గదిలో పాట ఆగిపోయింది. ఆగిన తీరును బట్టే ఎవరు వచ్చారో లోపలివారికి తెలిసింది.

* * *

జగొర్కా గుమ్మంలో నిలబడి ఉంది. ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చింది. నల్ల శాలువా మీద మంచు ఇంకా కరగలేదు. అందరూ జరిగి చోటు ఇచ్చారు. ఆ జరగడంలో గౌరవం కన్నా భయం ఎక్కువ కనిపించింది.

“పండుగ శుభం కూమ్, కూమా,” అంది. “కూర్చోను. కొవ్వొత్తికి దణ్ణం పెట్టుకొని పోతాను. ముప్ఫయ్యేళ్ళలో ఒక్క నికోలా తప్పలేదు నేను.”

“పిల్ల ఎలా ఉంది, కూమా?” అన్నాడు రాదిసావ్. యజమాని అడగాలి కనుక అడిగాడు.

“ఇవాళ కూడా యంత్రం పెట్టారు. నన్ను లోపలికి రానివ్వలేదు. మా కోడలు తలుపు దగ్గర నిలబడి, మీ చేతులు దూరంగా పెట్టుకోండి అంది.” జగొర్కా చేతులు శాలువాలో దాచుకుంది. “న్యాయమే. మా అమ్మ చేసినట్టే చేశాను జున్ను, గుడ్డ కూడా మరగబెట్టాను. ఎక్కడ తప్పానో తెలియడం లేదు కూమా. రాత్రి పడుకుంటే ఒక్కో పని వరసగా తలుచుకుంటాను, ఎక్కడా దొరకదు. దొరికితే బాగుండును.”

కొసారా ఉడికిన గోధుమల పళ్ళెం ఎత్తబోయి, దింపేసింది. తన ఇంటి గింజ ఆమె నోట పెట్టే మొహం ఆ ముసలిదానికి లేకపోయింది.

ఒక పొరుగింటి ఆవిడ జాలిపడి, కుళాయి తిప్పి గ్లాసు నింపి జగొర్కాకు అందించింది. “గొంతు తడుపుకోండి, అక్కా.”

స్టొయాంకా రెండంగల్లో వెళ్ళి ఆ గ్లాసు లాక్కుంది. నీళ్ళు ఒలికి జగొర్కా శాలువా తడిసింది.

“ఏమిటి కూమా?”

స్టొయాంకా భర్త వైపు తిరిగింది. ఊరంతటి ఎదుట, నెమ్మదిగా అంది: “పంపండి.”

రాదిసావ్ చేతిలో వైను కూజా ఉంది. అతడు మేయరును చూశాడు. మేయరు సీసా మూత బిగిస్తూ, కనిపించీ కనిపించకుండా తల అడ్డంగా ఊపాడు.

“సోమవారం,” అన్నాడు రాదిసావ్.

ఆమె ఇంక అడగలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి, ఏప్రాన్ జేబులోంచి ఫోను తీసింది. అక్షరాలు పొద్దుననే రాసి పెట్టుకుంది. దిగువపేట కుళాయి నీళ్ళు తాగకండి. వావేదెన్యే మర్నాటి పరీక్షలోనే క్రిములున్నట్టు తేలింది. పిల్లలకు తాగించి ఉంటే వైద్యులకు చెప్పండి. కింద ఆమె పేరు లేదు. బోర్డుకు ఆమె పేరు తెలియదు, అది వేసేది రాదిసావ్ పేరే.

రెండేళ్ళలో మొదటిసారి, చదివి నొక్కింది.

గదిలోని ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి. కోటు జేబుల్లో, చేతిసంచుల్లో, రొట్టె పక్కన, కొవ్వొత్తి పక్కన. గోడ అవతల పొరుగింట్లో మోగాయి. వీధి పొడుగునా, తెరిచి ఉన్న తలుపుల వెనుక, పండుగ పాటలు ఒక్కొక్కటిగా తెగిపోయాయి.

జగొర్కా ఫోనును కళ్ళకు దూరంగా పట్టుకొని చదివింది. ఒకసారి చదివి, మొదటికి వచ్చి మళ్ళీ చదివింది. ఆమె పెదవులు ఒక్క మాట దగ్గర ఆగిపోయాయి.

“వావేదెన్యే మర్నాడు. అప్పుడు దూన్యా మంచు బొమ్మ చేసింది మా పెరట్లో. బాగానే ఉంది పిల్ల అప్పటికి.”

“కొంచెం నెమ్మదించండి, అమ్మా,” అంటూ తిహొమీర్ లేచాడు. “ఈ సందేశానికి అధికారికమైన విలువ లేదు. రాదిసావ్ గారి పాస్‌వర్డును ఆయన భార్య దొంగతనంగా వాడారు. అసలు ఆ ఫలితం చూసి దాచింది కూడా ఈమే. అడగండి, ఎవరి వేలు నొక్కిందో మీ కూమానే అడగండి.”

అందరి చూపులూ తన మీద పడడం స్టొయాంకాకు తెలుస్తూనే ఉంది. జగొర్కా ఒక్కతే ఇంకా ఫోనునే చూస్తోంది.

“వేలు నాదే, కూమా,” అంది స్టొయాంకా. “ఆ ఫలితం వచ్చిన రోజే నొక్కాను, చదవకుండా. నిన్న సాయంత్రం చదివాను. పొద్దున్నే పరుగెత్తుకొని నీ దగ్గరికి రావలసింది. ఈయన పంపుతారని మధ్యాహ్నం దాకా ఎదురు చూశాను. నీ జున్నులో ఏ దోషమూ లేదు.”

జగొర్కా తల ఎత్తలేదు. శాలువాలోంచి రెండు చేతులూ బయటకు తీసి, వెల్లకిలా తిప్పి, మళ్ళీ బోర్లా తిప్పి చూసుకుంది. కొత్తగా తిరిగి ఇచ్చిన వస్తువుల్లా చూసుకుంది.

తరువాత ఆమె చూపు వంటింటి మూలకు పోయింది. నీలం డబ్బాల మీద ఆగింది. ఒకటి, రెండు, మూడు. చాలాసేపు ఆగింది.

“వేలు ఈమెది. ఒప్పుకుంది,” అంది జగొర్కా. గొంతు పెంచలేదు. “మరి ఇక్కడ కింద రాసి ఉన్న పేరు ఎవరిది, కూమ్?”

రాదిసావ్ కొవ్వొత్తి ముందు నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో వైను కూజా. తండ్రి నిలబడిన చోటే, తాత నిలబడిన చోటే. నాదే అనడానికి ఒక్క మాట చాలు. కాదనడానికీ ఒక్క మాట చాలు. అతడు మేయరు వైపు చూశాడు. మేయరు కోటు గుండీలు పెట్టుకుంటున్నాడు. భార్య వైపు చూడలేదు.

కుర్చీ కాళ్ళు నేలను రాసిన చప్పుడయింది.

అతిథులందరూ నిలబడి ఉండగా, కొవ్వొత్తి వెలుగుతుండగా, ఆ ఇంటి యజమాని కూర్చున్నాడు.

కొసారా కర్ర ఊతగా వచ్చి అతడి చేతిలోని కూజా తీసుకుంది. అది పట్టుకొని కొడుకు ఎదుట నిలబడింది.

“లే,” అంది.